నాలుగున్నర సెంటీమీటర్ల ఎముక, పది కిలోల బరువు

నందిగామ బస్టాండులో ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉన్న ఒక ఉదయం, నా ఎడమ కాలి సాక్సు వెచ్చగా తడిసినట్టు అనిపించింది. వాన లేదు, నేల పొడిగా ఉంది. ప్యాంటు పైకి లాగి చూస్తే పాత ఆపరేషన్ మచ్చ చివర బియ్యపుగింజంత రంధ్రం, దాని అంచున పసుపుపచ్చని చుక్క. నొప్పి లేదు, జ్వరం లేదు. ఆ రెండూ లేవు కాబట్టే చేతిరుమాలుతో తుడుచుకుని బస్సెక్కాను.

నేను జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని. కాపురం నందిగామలో. అంతకు రెండేళ్ల ముందు, తొంభైల చివర్లో, హైవే మీద స్కూటరు జారి ఎడమ మోకాలి కిందున్న పెద్ద ఎముక, టిబియా, చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. విజయవాడలో స్టీలు ప్లేటు వేసి ఎనిమిది స్క్రూలతో బిగించారు. పుండు మానింది, ఎముక అతికిందన్నారు. ఏడాది తిరగకముందే నేను ఫ్యాక్టరీలో సున్నపురాతి పొడిని వేడిచేసే ప్రీహీటర్ టవరు మీద శాంపిల్ తీసే చోటికి నూట పద్నాలుగు మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. శాంపిల్ తెచ్చిచ్చే మనుషులు ఉన్నారు. అయినా అది ఎక్కడ, ఎలా తీశారో కళ్లతో చూడనిదే వచ్చిన అంకె కింద సంతకం పెట్టకపోవడం నా పద్ధతి. ఉద్యోగంలో ఆ పద్ధతిని ఎన్నడూ తప్పలేదు. తప్పింది ఒక్కచోట, నా కాలి విషయంలో. నేను ఈ అనుభవం రాయడానికి కారణం అదే.

మూడో రోజు బట్టలు నానబెడుతూ నా భార్య దుర్గ చేతిరుమాలు పట్టుకుని వచ్చింది. "ఇది చెమట మరక కాదు కదండీ" అని మాత్రం అంది. నందిగామ డాక్టరు గారు ఇచ్చిన యాంటీబయాటిక్ వాడగానే రసి ఆగింది. కోర్సు అయిన పది రోజులకు మళ్లీ వచ్చింది. చందర్లపాడు నుంచి చూడవచ్చిన బంధువు ఒకాయన ఆకుపసరు కట్టు కట్టించమన్నారు. నేను మరో కోర్సు మింగాను. మూడోసారి రసి వచ్చినప్పుడు దానికి చిన్న వాసన కూడా ఉంది. అప్పుడు విజయవాడ వెళ్లాం.

ఎక్స్‌రేలో ప్లేటు కింద ఎముక ఒక ముక్క మేర చుట్టుపక్కల కంటే తెల్లగా కనిపించింది. తెలుపంటే సాంద్రత, సాంద్రత అంటే బలం అనుకుని నేను లోపల సంతోషించాను. డాక్టరు గారు పెన్సిల్ మొనతో ఆ తెల్లటి భాగం చుట్టూ గీసి, "ఇది చచ్చిపోయిన ఎముకండి. రక్తం అందదు, అందుకే కరగదు, అందుకే తెల్లగా ఉంది. దీని చుట్టూ చీము దాక్కుంది. క్రానిక్ ఆస్టియోమైలైటిస్" అన్నారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ జాడ చెప్పే రక్తపరీక్ష ఈఎస్ఆర్ ఇరవై లోపు ఉండాల్సింది తొంభై రెండు ఉంది. ప్లేటు తీయాలి, చచ్చిన ఎముకంతా తీసేయాలి, తీశాక మిగిలే ఖాళీ సంగతి తమవల్ల కాదని, హైదరాబాదులో ఫలానా పెద్దాసుపత్రికి వెళ్లమని ఉత్తరం రాసిచ్చారు.

హైదరాబాదు సర్జన్ గారికి అప్పుడు యాభై ఏళ్లుంటాయి. తక్కువ మాట్లాడతారు, అడిగినదానికి మాత్రం పూర్తిగా జవాబు చెబుతారు. యాంటీబయాటిక్స్ అన్నీ రెండు వారాలు ఆపించి, అప్పుడు చీమును కల్చర్‌కు, అంటే అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు పంపారు. "మందు వేసుకుంటూ కల్చర్ చేయిస్తే క్రిమి దాక్కుంటుంది, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, మనం మోసపోతాం" అన్నారు. ఆ మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది. నా ల్యాబులో నేనూ అదే మాట మరో రకంగా చెబుతుంటాను.

మొదటి ఆపరేషన్ డిబ్రైడ్‌మెంట్. ప్లేటు, స్క్రూలు తీశారు. చచ్చిన ఎముకను, కోసిన అంచుల్లో రక్తపు చుక్కలు పొడిచేదాకా కోసుకుంటూ పోయారు. మిగిలిన ఖాళీ నాలుగున్నర సెంటీమీటర్లు. దాంట్లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన బోన్ సిమెంటు పూసల దండ పెట్టి, కాలికి బయటి నుంచి ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ బిగించారు. అంటే చర్మం బయట ఒక స్టీలు కడ్డీ, దాని నుంచి ఎముకలోకి దిగిన ఆరు పిన్నులు. బోన్ సిమెంటు అన్న మాట విని నేను మత్తు దిగీ దిగకముందే అందులో కాల్షియం శాతం ఎంతని అడిగానట. అది యాక్రిలిక్ అని, నా సిమెంటుకూ దానికీ చుట్టరికం లేదని జూనియర్ డాక్టరు చెప్పాడట. నాకు గుర్తులేదు. దుర్గ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

చీము పూర్తిగా పోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల చివర సర్జన్ గారు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి మూడు దార్లు చెప్పారు. ఒకటి, రింగ్ ఫిక్సేటర్ వేసి, ఖాళీకి పైనున్న ఎముకను కోసి ఆ ముక్కను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున కిందికి జరపడం. అది ఏడాది పైమాట, నా చర్మం ఇప్పటికే రెండుసార్లు కోసి కుట్టింది కాబట్టి అంత లాగుడు తట్టుకోకపోవచ్చు. రెండు, మోకాలి కింద తీసేసి కృత్రిమ కాలు. మూడోదాని దగ్గర ఆయన సొరుగు తెరిచి, చాక్‌పీసు కంటే కొంచెం లావుగా, తెల్లగా ఉన్న ఒక ముక్కను బల్ల మీద పెట్టారు.

"దీన్ని స్కాఫోల్డ్ అంటాం. హైడ్రాక్సీ అపటైట్. మన ఎముకలో ఉండే ఖనిజమే, సెరామిక్‌గా కాల్చి చేశారు. నిండా రంధ్రాలు. ఆ రంధ్రాల గోడలకు సిలికా ఉన్న కోటింగ్ వేశారు. ఇది ఎముక కాదు, ఎముక ఎక్కడానికి వేసే పరంజా."

భవనం కట్టేటప్పుడు చుట్టూ సరుగుడు కర్రలతో కట్టే పరంజా తెలియనివారుండరు. అలాంటిది నా కాల్లో కడతానంటున్నారు. నేను ఆ ముక్కను చేతిలోకి తీసుకుని బల్ల మీదున్న గ్లాసులోంచి వేలితో ఒక నీటిచుక్క దాని మీద వేశాను. చుక్క నిలవలేదు. కనురెప్ప వేసేంతలో లోపలికి పోయింది. మరో చుక్క వేశాను, అదీ పోయింది. ముక్కను తిరగేసి చూస్తే అడుగున తడి. అంటే రంధ్రాలు విడివిడిగా లేవు, ఒకదానిలోంచి ఒకదానిలోకి దారి ఉంది.

పాతికేళ్ల నుంచి నేను సిమెంటులో రంధ్రాలు తగ్గించడానికి పాటుపడుతున్నాను. ఇక్కడ ఎవరో రంధ్రాల కోసమే ఒక రాయిని తయారుచేశారు. పైగా కోటింగ్‌లో ఏముందని అడిగితే కాల్షియం, సిలికా కలిసిన సమ్మేళనం అన్నారు. కాల్షియం సిలికేట్లు నా అన్నం. నీళ్లు తగిలితే వాటి ఉపరితలం ఎలా మారుతుందో, కొత్త పొర ఎలా పుడుతుందో నాకు తెలుసు. ఒంట్లో తడి తగిలితే ఈ పూత మీద కూడా ఎముక ఖనిజం లాంటి పలుచని పొర ఏర్పడుతుందని, కణాలు దాన్ని తమ ఇల్లనుకుని అంటుకుంటాయని సర్జన్ గారు చెబుతుంటే నేను కుర్చీ అంచుకు వచ్చేశాను.

"కోటింగ్ పైపైనేనా, లోపలి గోడలకు కూడా పట్టిందా?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "లోపలికి కూడా. ఈ ప్రశ్న ఇంతవరకు పేషెంట్లెవరూ అడగలేదు" అన్నారు. తర్వాత దుర్గ వైపు తిరిగి, "ఇది ఇంకా పరిశీలనలో ఉన్న పద్ధతమ్మా. చాలామందికి చేసింది కాదు. పని చేయకపోతే దీన్ని తీసేయాలి. తీసేసినప్పుడు మళ్లీ మూసుకోవడానికి ఆ కాలి మీద సరిపడా చర్మం మిగలదు. అప్పుడు రెండో దారే" అన్నారు.

సమ్మతి పత్రం నాలుగు పేజీలు. నేను ప్రతి వాక్యం చదివి సంతకం పెట్టాను. దుర్గ కూడా చదివి, "పేరు బాగుంది, పరంజా" అంటూ తనూ సంతకం పెట్టింది.

రెండో ఆపరేషన్‌లో పూసల దండ తీసి, తుంటి ఎముక నుంచి సిరంజితో లాగిన మజ్జలో నానబెట్టిన స్కాఫోల్డ్ ముక్కలను ఖాళీలో పేర్చారు. ఫిక్సేటర్ అలాగే ఉంచారు. ఆ రాత్రికే ఎక్స్‌రే తీసి మర్నాడు చూపించారు. నా కాలి మధ్యలో తెల్లటి దిమ్మె, దాని పైన ఒక నల్లగీత, కింద ఒక నల్లగీత. రాయికీ ఎముకకూ మధ్య ఎడం అది. "ఈ రెండు గీతలూ పోవాలి. అదే మన పరీక్ష" అన్నారు సర్జన్ గారు.

ఆరు వారాలకు వెళ్లినప్పుడు కుట్లు చక్కగా మాని ఉన్నాయి. ఈఎస్ఆర్ పద్దెనిమిది. ఇక వాకర్ పట్టుకుని ఎడమ పాదం మీద పది కిలోల బరువు పెట్టడం మొదలుపెట్టండి, ప్రతి వారం అయిదు కిలోలు పెంచండి అని చెప్పారు. నేను తలూపి వచ్చాను.

చేసిన తప్పు ఇక్కడే. సిమెంటు వాడిని కనుకే చేశాను. కొత్తగా పోసిన కాంక్రీటు మీద బరువు పెట్టకూడదు. అది నాకు నరాల్లో జీర్ణించుకుపోయిన పాఠం. స్లాబు పోశాక సెంట్రింగ్ తొందరపడి ఊడదీసిన మేస్త్రీలను నేను ఎంతమందిని తిట్టానో లెక్కలేదు. పైగా నా కాల్లో ఉన్నది సెరామిక్. సెరామిక్ నొక్కితే తట్టుకుంటుంది, కొంచెం వంగితే పెటిలిపోతుంది. ఆ రంధ్రాల గోడలు కాగితమంత పలుచన. వాటి మీద నా బరువు మోపడానికి నాకు చేయి, అంటే కాలు, రాలేదు. ముందు అది గట్టిపడనిద్దాం, తర్వాత బరువు సంగతి చూద్దామనుకున్నాను. రోజూ వాకర్ పట్టుకుని వరండాలో ఇరవై సార్లు తిరిగాను. పాదం నేలకు ఆనించాను. అంతే. చూసేవాళ్లకు నడుస్తున్నట్టే ఉండేది.

నెల తర్వాత సర్జన్ గారికి ఫోన్ చేసినప్పుడు ఆయన అడిగారు, "ఎంత పెడుతున్నారు?" అని.

"పాతిక దాకా పెడుతున్నానండీ" అన్నాను.

కొలవని అంకె చెప్పడం నా జీవితంలో అదే మొదలు. పక్కనే కూరగాయలు తరుగుతున్న దుర్గ తల ఎత్తి చూసి, మళ్లీ దించుకుంది.

ఆపరేషన్ అయిన నాలుగో నెలలో ఎక్స్‌రేకు వెళ్లాం. సర్జన్ గారు ఫిల్మును లైటుబాక్స్‌కు తగిలించారు. రెండు నల్లగీతలూ అలాగే ఉన్నాయి. పైగీత కొంచెం వెడల్పయిందేమో అని కూడా నాకు అనిపించింది. గీతలకు అటూఇటూ ఉన్న నా సొంత ఎముక ముందుకంటే మసకబారింది.

"బరువు సక్రమంగా పెడుతున్నా ఎముక రాలేదంటే మీ శరీరం దీన్ని ఒప్పుకోవడం లేదనుకోవాలి" అన్నారాయన. ఆ గొంతులో మా మీద కోపం లేదు, తన మీద తనకే నిరాశ ఉంది. "ఇంకో ఆరు వారాలు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే తీసేయడం మంచిది. తీసేస్తే ఏమవుతుందో ముందే చెప్పాను."

నేను నోరు విప్పలేదు. దుర్గ విప్పింది.

"డాక్టరు గారూ, ఈయన ఒక్కరోజు కూడా బరువు పెట్టలేదండి. నేలకి ఆనిస్తారు, ఊరుకుంటారు. ఫ్యాక్టరీలో ఎవరైనా తూచకుండా అంకె రాస్తే ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినరు. మీకు మాత్రం పాతిక కిలోలని చెప్పారు. నెల్నించీ నేను నోరు మూసుకుని ఉన్నా. తప్పు నాది కూడా."

గదిలో ఉన్న జూనియర్ డాక్టరు కిటికీ వైపు తిరిగాడు. సర్జన్ గారు నన్ను తిట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగారు. నేను కాంక్రీటు సంగతి, సెంట్రింగ్ సంగతి, సెరామిక్ గోడల మందం సంగతి చెప్పాను. నాకే వినడానికి సిగ్గుగా ఉంది.

ఆయన కుర్చీని నా దగ్గరికి జరుపుకున్నారు. "మీ కాంక్రీటు బరువు లేకపోతే గట్టిపడుతుంది. ఎముక బరువు లేకపోతే కరిగిపోతుంది. చూడండి, మీ సొంత ఎముకే పలచబడింది. కోటింగ్ చేసే పని కణాల్ని పిలవడం వరకే. వచ్చిన కణాలకి ఇక్కడ పని ఉందని చెప్పాల్సింది మీ బరువు. పనిలేదనుకుంటే అవి వెళ్లిపోతాయి. పది కిలోలకి ఆ ముక్క పగలదు, దాని పక్కన ఫిక్సేటర్ ఉంది. ఆ లెక్క నేను చేశాకే మీకు పది అని చెప్పాను."

నాకు భయం పోలేదు. కానీ భయం పక్కన మరొకటి పుట్టింది. స్కాఫోల్డ్ ఓడిపోలేదు, దానికి ఇంకా పరీక్షే జరగలేదు. ఇది ఎంత మంచి వార్తో ల్యాబులో పనిచేసినవారికి తెలుస్తుంది. చేతిలో ఆరు వారాలున్నాయి.

హైదరాబాదు నుంచి నందిగామ వచ్చే దారిలో జగ్గయ్యపేట ముందొస్తుంది. అక్కడ దుర్గ తమ్ముడు శేషగిరికి మిర్చి, అపరాల టోకు దుకాణం ఉంది. కారు ఆపి లోపలికి వెళ్లాం. దుకాణం ముందు కోటయ్య మిర్చి బస్తాలు తూకం వేస్తున్నాడు. కోదాడ అవతల పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఆ దుకాణంలో కాటా చూసే మనిషి. అప్పటికి కొత్త ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. పాత ప్లాట్‌ఫారం కాటా మూల చేరింది. ఇనప పీట, దాని వెనక నిలువు స్తంభం, పైన దండె, దండె మీద గీతలు, గీతల మీద జరిపే బిళ్ల. బిళ్లను ఏ అంకె దగ్గర పెడితే పీట మీద అంత బరువు పడ్డప్పుడే దండె లేచి తేలుతుంది.

నేను దాన్ని చూశాను. దుర్గ నన్ను చూసింది. "ఒరేయ్ శేషూ, అది మాకివ్వరా ఆరు వారాలు" అంది.

"మిరపకాయలు అమ్ముతారా అక్కా?"

"మీ బావ కాలు తూస్తాం."

మర్నాడు కాటా ఆటో ట్రక్కులో నందిగామ వచ్చింది. వెంట శేషగిరి, కోటయ్య. కోటయ్య తన ముద్ర రాళ్లు, అంటే ప్రభుత్వ ముద్ర పడ్డ ఇనప తూకపు రాళ్లు, కూడా తెచ్చాడు. పదికి పది, ఇరవైకి ఇరవై పెట్టి చూసి, దండె చివర చిన్న మర తిప్పి సరిచేశాం. పరికరం నిజం చెబుతోందని తేలగానే నాకు ఎన్నాళ్ల తర్వాతో ఊపిరి ఆడినట్టయింది. పీట ఎత్తు కొలిచి, కుడి పాదం కింద అదే ఎత్తు వచ్చేలా రెండు చెక్కలు వేశాం. రెండు వైపులా వాకర్. ఎడమ పాదం పీట మీద. కోటయ్య బిళ్లను పది దగ్గర పెట్టాడు.

నా లెక్క ప్రకారం నేను బాగానే మోపాను. దండె కదల్లేదు. కోటయ్య బిళ్లను ఎనిమిదికి, ఆరుకి, నాలుగుకి జరుపుతూ వచ్చాడు. రెండున్నర దగ్గర దండె కొంచెం ఊగింది.

"సారూ, రెండున్నర. మా ఇంటి కోడిపుంజు ఇంతకన్న ఎక్కువ తూగుతది" అన్నాడు కోటయ్య మొహం మామూలుగా పెట్టి.

"బావా, మీరు రెండు నెలల పైనుంచి ఈ కోడిపుంజుతోనే తిరుగుతున్నారు" అన్నాడు శేషగిరి.

దుర్గ నవ్వలేదు. ఆ రెండున్నరను చూస్తూ నిలబడింది.

మళ్లీ బిళ్లను పది దగ్గర పెట్టారు. నేను మోపాలని చూస్తాను, మోకాలు దానంతట అదే వెనక్కి తీసుకుంటుంది. చెమటలు పట్టాయి. ఇంతలో పీట సందుల్లో పదేళ్లుగా ఇరుక్కున్న మిర్చి ధూళి పనిచేయడం మొదలుపెట్టింది. దుర్గ తడిగుడ్డతో మూడుసార్లు తుడిచినా అది పోలేదు. ముందు శేషగిరి తుమ్మాడు, తర్వాత దుర్గ. తర్వాత నేను ఆపుకోలేక వాకర్ మీదికి వంగి గట్టిగా తుమ్మాను. దండె టక్కుమని పైకి లేచి స్తంభానికి కొట్టుకుంది.

నేను కళ్లు మూసుకుని నిలబడిపోయాను. విరిగిన చప్పుడు కోసం విన్నాను. మూడేళ్ల కింద హైవే మీద ఆ చప్పుడు విన్నవాణ్ని, అది ఎలా ఉంటుందో తెలుసు. అది రాలేదు. నొప్పి కూడా రాలేదు. పిక్కలో లాగినట్టు అనిపించి పోయింది.

"పది దాటింది సారూ" అన్నాడు కోటయ్య. "ఎంతో చెప్పలేను, దండె ఆగలే. గట్లనే ఉంచండి, కాలు తియ్యకండి."

నేను కాలు తీయలేదు. దండె మెల్లగా దిగి, రెండుసార్లు ఊగి, మధ్యలో తేలి నిలబడింది. పది కిలోలు. నా పాదం కింద పది కిలోలు ఎలా ఉంటాయో నాకు అప్పుడు తెలిసింది. నేను ఊహించినదానికి అది నాలుగు రెట్లు ఎక్కువ, నేను భయపడినదానిలో నాలుగోవంతు కూడా కాదు.

ఆ రోజు నుంచి గ్రాఫు కాగితం మొదలైంది. ఉదయం, సాయంత్రం, పదేసి నిమిషాలు కాటా మీద తూచి మోపడం. ఆ బరువు పాదానికి గుర్తుండగానే వరండాలో అదే మోపుతో నడవడం. మళ్లీ వచ్చి తూచి, గుర్తు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. నాలుగైదు రోజులకే పాదం తూకం నేర్చుకుంది. కళ్లు మూసుకుని మోపితే అరకిలో తేడాలో పది చూపేవాణ్ని. ఈ సంగతి ఫోన్లో చెబితే సర్జన్ గారు ముందు నమ్మలేదు, తర్వాత కాటా నమూనా గీసి పోస్టులో పంపమన్నారు. శేషగిరి దుకాణానికి వచ్చిన రైతులందరికీ తెలిసిపోయింది. ప్రతి వారం మా ఇంటికి ఫోన్ చేసి, "ఈ వారం బావ రేటెంత?" అని అడిగేవాడు. పదిహేను, ఇరవై అని దుర్గ చెప్పేది.

మూడో వారంలో ఒక అడ్డంకి. కింది నుంచి రెండో పిన్ను చుట్టూ ఎర్రబడి రసి వచ్చింది. సాక్సు తడిసిన ఉదయం గుర్తొచ్చింది. కానీ ఈసారి తుడిచి ఊరుకోలేదు, అదే రోజు బయలుదేరాం. అది లోపలిది కాదు, పిన్ను దారిలో పైపై ఇన్ఫెక్షన్ మాత్రమేనని తేల్చి, మందు మార్చి, నాలుగు రోజులు బరువు ఆపమన్నారు. గ్రాఫులో ఆ నాలుగు రోజులు సున్నాలు వేశాను. అవి నిజం సున్నాలు, నాకు వాటి మీద చిన్నచూపు లేదు.

ఆరు వారాల గడువు నాటికి నా అంకె ముప్పై అయిదు చేరాల్సింది. ఆ నాలుగు రోజుల వల్ల ముప్పై దగ్గర ఆగింది. ఎక్స్‌రే తీయించుకుని, ఫిల్ము ఇంకా తడిగా ఉండగానే దుర్గ పట్టుకుని సర్జన్ గారి గదికి నడిచింది. వెలుతురుకు ఎత్తి చూడలేదు. నేనూ చూడలేదు.

ఆయన పాత ఫిల్మును, కొత్త ఫిల్మును పక్కపక్కన తగిలించారు. ఒకసారి పాతది, ఒకసారి కొత్తది చూశారు. తర్వాత గది బయటికి వెళ్లారు. ఆ అర నిమిషం దుర్గ నా చేతిమీద చేయి వేసి ఉంచింది. ఆయన ముగ్గురు జూనియర్లను వెంటబెట్టుకుని వచ్చారు. కొత్త ఫిల్మును చూపించి వాళ్లను అడిగారు, "పైగీత ఎక్కడుందో వేలు పెట్టండి" అని.

మొదటి జూనియర్ దగ్గరికి వెళ్లి చూశాడు. రెండోవాడు ఫిల్మును తీసి కిటికీ వెలుతురుకు పెట్టాడు. మూడో జూనియర్, ఒక అమ్మాయి, చాలాసేపటికి ఒకచోట వేలు పెట్టి, అది కాదేమో అని తీసేసింది.

పైగీత లేదు. దాని స్థానంలో ఊలుదారం పోగుల్లాంటి మబ్బు, ఎముకలోంచి రాయిలోకి పాకుతూ ఉంది. కిందిగీత ఉంది, కానీ తెగిపోయి, చుక్కలు చుక్కలుగా ఉంది. నా సొంత ఎముక మళ్లీ తెల్లబడింది. అది చచ్చిన తెలుపు కాదు. లోపల అడ్డంగా, నిలువుగా సన్నని గీతలతో, నేత కనిపించే తెలుపు.

"ఎక్కుతోంది" అన్నారు సర్జన్ గారు. తర్వాత దుర్గతో, "అమ్మా, ఆ రోజు మీరు మాట్లాడకపోతే నేను ఈ పదార్థం పనికిరాదని రాసేవాణ్ని. ఈయన ఒక్కరి కాలే కాదు" అన్నారు.

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను చెప్పిన ఒక అబద్ధపు అంకె ఒక మంచి పదార్థం మీద చెడ్డ ముద్రగా మిగిలిపోయేది. నా తర్వాత వచ్చేవాళ్ల బల్ల మీద ఆ తెల్లటి ముక్కను ఎవరూ పెట్టేవారు కాదు.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. ఎనిమిదో నెలలో కిందిగీత కూడా పోయింది. పదో నెలలో ఫిక్సేటర్ తీసి, మోకాలి కింద ప్లాస్టర్ వేశారు. ఫిక్సేటర్ తీసిన వారానికి కోటయ్య కాటా వెనక్కి తీసుకెళ్లడానికి వచ్చాడు. తీసుకెళ్లే ముందు, డాక్టరు అనుమతి ఉందో లేదో దుర్గను అడిగి తెలుసుకుని, బిళ్లను అరవై రెండు దగ్గర పెట్టాడు. అది నా పూర్తి బరువు. నేను వాకర్ పట్టుకుని ఎడమ కాలు పీట మీద పెట్టి, కుడికాలు గాల్లోకి ఎత్తి, చేతులు వదిలేశాను. మూడు క్షణాలు. దండె తేలింది.

కోటయ్య బిళ్ల వైపు, నా వైపు చూసి, "పుంజు అమ్ముడుపోయింది సారూ" అన్నాడు.

ఇప్పటికి కొన్నేళ్లయింది. ఎడమ కాలు కుడిదానికంటే ఎనిమిది మిల్లీమీటర్లు పొట్టి. చెప్పు మడమ కింద ఆ మేరకు తోలు కుట్టించాను. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకుంటాను. స్కాఫోల్డ్ ఇంకా పూర్తిగా కరగలేదు. కానీ దాని అంచులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఇప్పుడు నేను కూడా చెప్పలేను. రాయి లోపలికి ఎముక వెళ్లింది, ఎముక చుట్టూ రాయి మిగిలింది. ప్రీహీటర్ టవరు నూట పద్నాలుగు మెట్లు ఎక్కుతాను, మధ్యలో ఒకసారి ఆగి. పైకి వెళ్లి శాంపిల్ ఎక్కడ తీశారో చూసుకుని వచ్చి, కింద సంతకం పెడతాను.

నాలాంటి సర్జరీ చేయించుకోబోయేవారు సర్జన్ గారి దగ్గర నా సంగతి విని ఉత్తరాలు రాస్తుంటారు. అందరికీ ఒకటే చెబుతాను. డాక్టరు "కొంచెం బరువు పెట్టండి" అంటే, కొంచెమంటే ఎన్ని కిలోలో అడిగి రాయించుకోండి. ఇంటికొచ్చాక ఏదో ఒక కాటా సంపాదించి, మీ పాదానికి ఆ అంకె ఎలా ఉంటుందో నేర్పండి. పెట్టలేకపోతే పెట్టలేదనే చెప్పండి. రెండున్నర వస్తే రెండున్నర అనే చెప్పండి. డాక్టరుకు రెండున్నరతో కూడా పని ఉంటుంది. మనం తూచకుండా చెప్పిన పాతికతోనే ఆయన ఏమీ చేయలేరు.